సవరణ: సూడి కుందేలు, చలికాలపు పిల్లల పెట్టె

పోయిన వారం పోస్టులో, ఆదిలాబాద్ చలికి సూడి కుందేలు పెట్టెలో దూది పరిచి, బల్బు వేలాడదీసి, షెడ్డు చుట్టూ పాలిథిన్ కప్పేయమని రాశాను. ఆ మూడూ తప్పే. అలా చేసినవాళ్లు ఇవాళే మార్చండి.

ముందు దూది తీసేయండి. నాలుగు రోజుల పిల్ల వెనక కాలికి దూది పోగు చుట్టుకుని, కాలు ఉబ్బి ఎర్రబడటం నిన్న చూశాను. కత్తెరతో మెల్లగా కోసి తీశాం. మెత్తటి, పొడిగా ఉన్న ఎండుగడ్డి చాలు. దాని మీద తల్లి తన పొట్ట బొచ్చు పీకి పరుస్తుంది, దాన్ని పారేయకండి. జత కట్టిన సుమారు 31 రోజులకు ఈత కాబట్టి, 28వ రోజున పిల్లల పెట్టెను తల్లి బోనులో పెట్టండి.

బల్బుతో పెట్టె వేడెక్కిపోతుంది, గడ్డి అంటుకునే ప్రమాదం కూడా ఉంది. పెద్ద కుందేలుకు చలి కన్నా ఎండే ఎక్కువ ఇబ్బంది. పాలిథిన్‌తో అన్ని వైపులా మూసేస్తే మూత్రం ఘాటు, తేమ లోపలే నిలిచిపోతాయి. గాలి కొట్టే వైపు మాత్రం గోనెపట్టా కట్టి, పైభాగం తెరిచి ఉంచండి.

పిల్ల గూటి బయటపడి చల్లబడితే అరచేతుల్లో వెచ్చబెట్టి, ఆ తర్వాతే గూట్లో పెట్టండి. చల్లటి పిల్లకు పాలు పట్టకండి. తల్లి రోజుకు ఒకటి రెండుసార్లే, కొద్ది నిమిషాలే పాలిస్తుంది. పిల్లల పొట్టలు గుండ్రంగా ఉంటే టెన్షన్ అక్కర్లేదు.