లతీఫ్ మనవారు కాకపోతే ఎవరివారు?

మా ప్రవాస తెలుగు సంఘం వార్షిక సంచికలో ‘మన ప్రముఖులు’ శీర్షికకు పేర్లు ఎంచే పని ఈసారి నలుగురం తీసుకున్నాం. కవులు వచ్చారు, గాయకులు వచ్చారు, శాస్త్రవేత్తలు, ఆటగాళ్ళు వచ్చారు. నేను భారత వైమానిక దళానికి అధిపతిగా పనిచేసిన ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్ పేరు చెప్పాను. “ఆయన తెలుగువారా అండీ?” అని ఒకరు మర్యాదగానే అడిగారు. ఆ పూట నాకు సరైన జవాబు తోచలేదు. ఇంటికి వచ్చాక తోచింది, రాస్తున్నాను.

లతీఫ్ 1923లో హైదరాబాదులో పుట్టారు. నిజాం కళాశాలలో చదివారు. 1941లో, 18 ఏళ్ళ వయసులో వైమానిక దళంలో చేరి, మరుసటి ఏడాది అంబాలాలో అధికారిగా బయటికి వచ్చారు. రెండవ ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. మొదటి కొలువు కరాచీలో. అరేబియా సముద్రం మీద శత్రు జలాంతర్గాములను కనిపెట్టడం పని. అందుకు ఇచ్చినవేమో వాపిటీ, హార్ట్, ఆడాక్స్ వంటి పాతకాలపు విమానాలు. ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు, వాటి మీద బిగించిన గుడ్డ, ముందు ఒకే ఇంజను, పైలట్ తల మీద కప్పు లేదు. ఉప్పుగాలి ముఖాన కొడుతుంటే కిందికి వంగి, నీళ్ళలో ఒక చార కనిపిస్తుందేమోనని గంటల తరబడి చూడాలి. ఇంజను మొరాయిస్తే చుట్టూ సముద్రమే. మన పిల్లలు కారు నడపడానికి లైసెన్సు తెచ్చుకునే వయసు అది.

తరువాత ఇంగ్లండు వెళ్ళి హరికేన్, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాల మీద శిక్షణ పొందారు. అలా వెళ్ళిన భారతీయ పైలట్లు అప్పట్లో కొద్దిమందే. 1944లో తిరిగి వచ్చి బర్మా యుద్ధంలో హరికేన్ నడిపారు.

నా జవాబు మాత్రం 1947లో ఉంది. దేశం రెండైనప్పుడు ఆస్తులతో పాటు సైన్యాన్నీ పంచారు. విమానాలు పంచారు, స్క్వాడ్రన్లు పంచారు. ఎటు ఉండాలో ముస్లిం అధికారులు తేల్చుకోవలసి వచ్చింది. లతీఫ్‌కు అప్పుడు 24 ఏళ్ళు. అస్ఘర్ ఖాన్, నూర్ ఖాన్ ఆయనకు దగ్గరివాళ్ళు. తరువాతి కాలంలో ఇద్దరూ ఒకరి తరువాత ఒకరు పాకిస్తాన్ వైమానిక దళానికి అధిపతులయ్యారు. అటువంటి వాళ్ళు తమతో రమ్మని నచ్చజెప్పారు. మతానికీ దేశానికీ తాను ముడి పెట్టనని చెప్పి లతీఫ్ ఇక్కడే ఉండిపోయారు.

దీనికి ఇంకొక సంగతి కలపాలి. ఆ ఆగస్టు నాటికి హైదరాబాదు భారతదేశంలో లేదు. నిజాం రాజ్యం కలిసింది 1948 సెప్టెంబరులో, సైనిక చర్య తరువాత. అంటే కన్న ఊరు ఏ దేశానిదో తేలక ముందే ఆయన తన దేశాన్ని తేల్చుకున్నారు. పరాయి గడ్డ మీద చెయ్యెత్తి పౌరసత్వ ప్రమాణం చేసినవాళ్ళం మనలో ఎందరో ఉన్నాం. దానికి ఏళ్ళు తీసుకున్నాం, పిల్లల చదువులు లెక్క వేసుకున్నాం, అమ్మానాన్నలతో ఎన్నో రాత్రులు ఫోనులో మాట్లాడాం. అయినా ఇప్పటికీ ఒక మూల గుచ్చుకుంటూనే ఉంటుంది. ఆ యువకుడికి అంత వ్యవధి దొరకలేదు. ఆయన నిర్ణయం ఎంత బరువైనదో మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

ఆ తరువాతి జీవితం ఆ నిర్ణయానికి తగినట్టే సాగింది. 1950లో కొత్త గణతంత్రానికి వందనంగా ఢిల్లీ ఆకాశంలో టెంపెస్ట్ యుద్ధవిమానాల బారును ముందుండి నడిపించారు. 1971 యుద్ధకాలంలో వైమానిక దళ కేంద్ర కార్యాలయంలో ప్రణాళికల బాధ్యత చూశారు. 1978లో వైమానిక దళాధిపతి అయ్యారు. ఆ పదవి చేపట్టిన తొలి ముస్లిం ఆయనే. ఎన్నో ఏళ్ళుగా నానుతున్న జాగ్వార్ విమానాల కొనుగోలును ముందుకు నడిపించారు. శత్రుభూమిలో లోపలి దాకా, నేలకు బాగా దగ్గరగా దూసుకుపోయి దెబ్బ తీసే విమానం అది. మొదటి జాగ్వార్లు 1979లో దిగింది అంబాలాలో. తాను కుర్రవాడిగా అధికారి అయిన చోటికి దళాధిపతిగా ఆ విమానాలను తెప్పించగలగడం ఎంత మందికి దక్కుతుంది? 1981లో పదవీ విరమణ నాటికి మిగ్-25లు కూడా వచ్చాయి. ధ్వనికి రెండున్నర రెట్లు మించిన వేగం వాటిది. గుడ్డ రెక్కల వాపిటీతో మొదలైన ఒకే ఉద్యోగంలో ఇన్ని తరాల విమానాలు పట్టాయి.

మహారాష్ట్ర గవర్నరుగా, ఫ్రాన్సులో రాయబారిగా పనిచేశారు. ఆయన భార్య బిల్కీస్ లతీఫ్ ముంబైలో ధారావి మురికివాడ ప్రజల కోసం పనిచేసిన రచయిత్రి, పద్మశ్రీ గ్రహీత. పారిస్ నుంచి ఆ దంపతులు వచ్చి స్థిరపడింది హైదరాబాదులోనే. 2017లో ఆమె, 2018 ఏప్రిల్ 30న ఆయన కన్నుమూశారు. ఆయనకు 94 ఏళ్ళు. అదే ఏడాది జనవరిలో అస్ఘర్ ఖాన్ కూడా పోయారు.

సెలవులకు వెళ్ళినప్పుడు హైదరాబాదు శివారు బాచుపల్లిలో మా అక్కయ్య వాళ్ళ మేడ మీద పొద్దున్నే బట్టలు ఆరేస్తుంటే, దుండిగల్ వైమానిక దళ అకాడమీ వైపు నుంచి శిక్షణ విమానాల రొద వినిపిస్తుంది. దండెం పట్టుకుని తల ఎత్తి చూస్తాను. ఒకటి పైకి లేస్తుంది, మెల్లగా ఒరిగి మలుపు తీసుకుంటుంది, వెనకే ఇంకొకటి. అవి నడిపే పిల్లల్లో పంజాబు వాళ్ళుంటారు, కేరళ వాళ్ళుంటారు, మన వాళ్ళూ ఉంటారు. మా అక్కయ్య వాళ్ళందరినీ “మన దుండిగల్ పిల్లలు” అంటుంది. ఎవరి ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ఆమె ఏనాడూ అడగలేదు.

లతీఫ్ తెలుగు మాట్లాడేవారో లేదో నేను వెతకలేదు, వెతకను కూడా. మన ఊళ్ళో పుట్టి, మన కళాశాలలో చదివి, లోకమంతా తిరిగి, చివరి మూడు దశాబ్దాలు మన మధ్యే బతికిన మనిషి. మతాన్ని బట్టి దేశాన్ని ఎంచుకోనని చెప్పిన ఆ మనిషిని, మాతృభాషను బట్టి జాబితాలోంచి తీసేయడం నాకు సమ్మతం కాదు. సంచికలో ఆయనకు ఒక పేజీ కావాలని సంపాదకవర్గాన్ని మళ్ళీ అడుగుతున్నాను. రాసే పని నాది.