సవరించిన అంచనాలు

కాలువ పనులకు అంచనాలు వేస్తూ 30 ఏళ్లు గడిపి రిటైరైన వాణ్ణి కాబట్టి, మా మనవడికి గేమింగ్ కంప్యూటర్ కట్టించే బాధ్యత ఇంట్లో నాకే అప్పగించారు. మంజూరైన సొమ్ము 60 వేలు. ప్రాజెక్టు ఉద్దేశం: కోడింగ్. ఆ గడిలో ఏం రాస్తే ఫైలు కదులుతుందో వాడికి ఎవరూ నేర్పలేదు. రక్తంలోనే ఉంది.

2010-11 ధరల్లో 16,010 కోట్లున్న పోలవరం అంచనా 2017-18 ధరలకు వచ్చేసరికి 55,548 కోట్లయింది. అందుకు ఏడేళ్లు పట్టింది. మావాడు ఒకే ఒక్క ఆదివారం, భోజనానికీ టీకీ మధ్య, 60 వేలను 74 వేలు చేశాడు. "ఇంకో రెండు వేలేగా తాతయ్యా" అన్నదొక్కటే వాడి ఆయుధం. రెండు వేలు వేస్తే మంచి మదర్‌బోర్డు వస్తుంది. అంత మంచి బోర్డు కొన్నాక దాన్ని నాసిరకం క్యాబినెట్‌లో పెడితే బాగుండదు. ఎవరికి బాగుండదో అడిగాను. జవాబు రాలేదు.

ఒక్క చోట మాత్రం గట్టిగా నిలబడ్డాను. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) ఉన్న బోర్డు కావాలన్నాడు. దానికి కొత్త తరం డీడీఆర్5 ర్యామ్ తప్ప ఇంకోటి పట్టదు. "రేపు ప్రాసెసర్ మార్చుకోవచ్చు కదా" అన్నాడు. రేపటి అవసరాల పేరుతో తవ్విన కాలువలు ఎన్ని చూశాను! వాటిలో గేదెలు హాయిగా మేస్తున్నాయి. పాత ఏఎం4 బోర్డు, రైజెన్ 5 5600 ప్రాసెసర్ దగ్గర సంతకం పెట్టి ఆపేశాను.

బాటిల్‌నెక్ గురించి మాత్రం వాడు నాకు పాఠం చెప్పాల్సిన పని లేకపోయింది. కాలువ ఎంత వెడల్పున్నా తూము ఇరుకైతే పారేది తూము పారినంతే. ప్రాసెసర్ చిన్నదైతే, తెర మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డు ఎంత పెద్దదయినా చేతులు కట్టుకుని కూర్చుంటుంది. దీనికి ఇంగ్లీషు మాట ఎందుకో అర్థం కాలేదు.

ర్యామ్ ధర విన్నాక మాత్రం మాట పడిపోయింది. ఈ చిప్‌లు చేసే పెద్ద కంపెనీలు శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లు ఎగువన చేరి గేట్లన్నీ తమవైపు ఎత్తుకున్నాయి. మైక్రాన్ అయితే 2025 డిసెంబరులో, క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారమే మానేస్తున్నట్టు ప్రకటించింది. మా మనవడు చివరి ఆయకట్టు రైతన్నమాట. 16 జీబీ అడిగాడు. వారబందీ పద్ధతిలో, అంటే వంతులవారీగా, ఇప్పుడు 8, పై సీజనుకి 8 ఇస్తానన్నాను. "డ్యూయల్ ఛానల్ పోతుంది తాతయ్యా" అన్నాడు. రెండు పిల్లకాలువలూ కలిసి పారితేనే వేగమట. సబబుగానే ఉంది. మంజూరు చేశాను. 81 వేలు.

ఇక్కడే నాకు పొదుపు గుర్తొచ్చింది. జాబితాలో ఎవరి కంటా పడనిది, మెరవనిది, పేరు చెప్పుకుని మురవడానికి వీల్లేనిది ఒకటే ఉంది: ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలన్నిటికీ కరెంటు పంచే డబ్బా. మావాడు 550 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ రాసుకున్నాడు. 80 ప్లస్ అంటే గోడలోంచి లాగిన కరెంటులో కనీసం 80 శాతం లోపలి భాగాలకు చేరాలని. మా భాషలో చెప్పాలంటే ఇంకుడు నష్టం 20 శాతం దాటకూడదు. ఇంత తెలిసీ దాన్ని కొట్టేశాను. క్యాబినెట్‌తో ఒకటి ఉచితంగా ఇస్తామన్నారు. మిగిలిన డబ్బుతో రంగురంగుల లైట్ల ఫ్యాన్లు మూడు వచ్చాయి. పునాదిలో మిగిల్చి గేట్లకు రంగు వేయించామన్నమాట. మా ఆవిడ మాత్రం సంతోషించింది, దీపావళికి సీరియల్ బల్బుల ఖర్చు తప్పిందని.

ప్రారంభోత్సవం నాడు కొబ్బరికాయ కొట్టాం. తెర నల్లగానే ఉంది. గంటన్నర విచారణ తర్వాత తేలిందేమంటే, మానిటర్ వైరు గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా మదర్‌బోర్డుకి పెట్టాం. 5600 ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉండవు, కాబట్టి అక్కడి నుంచి బొమ్మ ఎన్నటికీ రాదు. మార్చాం, వచ్చింది. ఆట మొదలైంది. కార్డు గట్టిగా కరెంటు లాగిన మూడో నిమిషంలో మొత్తం ఆరిపోయింది. ఉచితంగా వచ్చింది ఉచితంగానే పోయింది.

కొత్త ఎస్‌ఎంపీఎస్, ఆ వెంటనే కరెంటు కోతలకు యూపీఎస్ ("అది అసలు అంచనాలోనే లేదు తాతయ్యా, నేనేం చేసేది"). మొత్తం 93 వేలు. మూడు నెలల తర్వాత ఇంకో సంగతి బయటపడింది. సెకనుకు 144 సార్లు బొమ్మ మారుస్తుందని ముచ్చటపడి కొన్న 144 హెర్ట్జ్ మానిటర్, సెట్టింగు మార్చక, అన్నాళ్లూ 60 దగ్గరే నడుస్తోంది. తేడా ఎవరికీ తెలియలేదు. కనిపెట్టిన రోజు నుంచి మాత్రం 60 చూస్తే కళ్లు నొప్పులట.

నిన్న పక్కింటాయన వచ్చాడు. వాళ్లబ్బాయికీ ఇలాంటిదే కావాలి, ఎంతవుతుందో ఒక కాగితం మీద రాసిమ్మన్నాడు. కళ్లజోడు పెట్టుకుని, లెక్క వేసి, కింద సంతకం చేసి ఇచ్చాను.

60 వేలు.