కెమెరా కొనకండి, ఎంచుకుంటనే ఉండండి

కృష్ణా నీళ్ల పంచాయితీ తెంపనీకి 1969ల బచావత్ ట్రిబ్యునల్ వేసిన్రు, అది చాలలేదని 2004ల బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ వేసిన్రు, కానీ నల్గొండ క్లాక్ టవర్ కాడ చాయ్ బండి ముంగట రోజూ సాయంత్రం నడిచే కెనాన్, నికాన్ పంచాయితీకి మాత్రం ఇప్పటిదాంక ఏ సర్కారు కూడా ఒక్క కమిటీ సుత వేయలే. ఇది చిన్న ముచ్చట కాదు. డిగ్రీ సెకండియర్ల ఉన్న పోరడు, లెక్కకు ముప్పై వేలు ఉన్నయి (అందుల పది వేలు ఇంకా పడని స్కాలర్‌షిప్‌వి), "అన్నా, మొదటి కెమెరా ఏది తీస్కోమంటవే" అని నోరు తెరిచిండంటే చాలు, అప్పటిదాంక ఫోన్ల తలకాయ పెట్టి కూసున్న పది మంది లేచి చుట్టుముడతరు. బాధ్యత గల కాలమిస్టుగా ఈ విషయంల నా తీర్మానం ప్రజల ముంగట పెడుతున్న. ఏదీ తీస్కోకు తమ్మీ. ఎంచుకుంటనే ఉండు.

నవ్వకండ్రి, సీరియస్‌గనే చెప్తున్న. కొనని కెమెరాకు ఉన్న విలువ కొన్నదానికి ఉండది. కొనని కెమెరాల ఫోటో షేక్ కాదు, ఫోకస్ తప్పది, వానకాలం లెన్సుకు ఫంగస్ పట్టది. ఉదయసముద్రం కట్ట మీద పొద్దుగూకంగ ఫోన్ల తీసిన ఫోటో మంచిగ రాలేదనుకో, "మనకాడ ఫుల్‌ఫ్రేమ్ కెమెరా ఉంటే కథ వేరుంటుండే" అని దర్జాగ అనొచ్చు, అవును నిజమే అని పక్కోళ్లు సుత తలకాయ ఊపుతరు. అదే కెమెరా మెడల వేసుకొని పోయి అదే కట్ట మీద అదే సప్పిడి ఫోటో తీస్కొస్తే తప్పు ఎవరి మీదికి నూకుతవ్? అందుకే కెమెరా కొనుడంటే ఉన్న ఒక్క సాకును చేతులార అమ్ముకునుడే, ముప్పై వేలు ఎదురిచ్చి మరీ.

ఎంచుకునుడు ఎంత పెద్ద సాధనో తెల్వాలంటే పాలమూరు పోరల దగ్గర నేర్సుకోవాలె. 2017ల జీఎస్టీ వచ్చినప్పుడు డిజిటల్ కెమెరాల మీద 28 శాతం పన్ను ఉండె, తగ్గుతదట అని ఆగిన్రు, 2019 జనవరి నుంచి నిజంగనే 18 అయింది. ఇగ కొంటరు అనుకుంటే, దసరా ఆఫర్ రానియ్యి అన్నరు, దసరా వస్తే దీపావళికి ఇంకా తగ్గుతది అన్నరు, దీపావళికి కొత్త మోడల్ వస్తుందట అన్నరు. నికాన్ డీ3500, కెనాన్ 1500డీ రెండూ 2018లనే వచ్చి ఉండె, రెండింటికీ 24 మెగాపిక్సెళ్లే, అది మంచిదా ఇది మంచిదా అని వీడియోలు చూసుడు మొదలుపెట్టిన్రు. అదే ఏడు పిల్లలమర్రి చెట్టుకు చెదలు పడితే సెలైన్ బాటిళ్లు గట్టి మందెక్కించిన్రు, కొన్నేండ్లకు వందల ఏండ్ల మర్రి సుత తేరుకొని కొత్త ఊడలు దించింది. 2022 వచ్చేసరికి డీ3500 కంపెనీ ఆపేసిన మోడల్ల లిస్టుల చేరింది, మనోళ్లు ఇంకా రెండో వీడియో సగంల ఉన్నరు. ఇంత ఓపిక గ్రూప్స్ ప్రిపరేషన్ల పెట్టి ఉంటే జిల్లాల అందరూ డిప్యూటీ కలెక్టర్లే అయితుండె. (ఆ నోటిఫికేషన్లు కూడా అంతే గదా అని మీరంటరు, ఆ లొల్లి ఇక్కడొద్దు.)

ఆ వీడియోల ముచ్చట ఒకటి చెప్పాలె. "ముప్పై వేలల్ల బెస్ట్ కెమెరా" అని చెప్పే అన్న మొకం అంత మంచిగ, ఎనక లైట్లు అంత మెత్తగ కనపడుతున్నయంటే ఆ వీడియో తీసింది ముప్పై వేల కెమెరాతోని కాదు. ఇది ఎవ్వలూ అడగరు, అడగొద్దు కూడా, మర్యాద ఉండది.

సలహాదారులల్ల పెద్దమనిషి ఫుల్‌ఫ్రేమ్ అన్న. ఆయన కాడ ఉన్న సెన్సార్, అంటే కెమెరా లోపల వెలుగు పట్టే పలక, 36 ఇంటు 24 మిల్లీమీటర్లు, మన స్టూడెంట్ కెమెరాలల్ల (వీటినే క్రాప్ బాడీలు అంటరు) ఉండేది 23.5 ఇంటు 15.6, కెనాన్‌ల అయితే ఇంకో గీతంత తక్కువ. "క్రాప్ బాడీయా, సరే తీస్కో" అని ఆయన అనే తీరు చూస్తే మనం ఏదో పరువు తక్కువ పని చేసొచ్చినట్టే ఉంటది. ఒప్పుకుంటున్న, ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ వైశాల్యంల రెండింతల కంటే పెద్దది, చీకట్ల మంచి ఫోటో వస్తది, అబద్ధం ఏం లేదు. కాని అన్న ఆ ఫోటో ఏం చేస్తడు? 24 మెగాపిక్సెల్ అంటే 6000 ఇంటు 4000, రెండు కోట్ల నలభై లక్షల చుక్కలు, దాన్ని తీసుకపోయి ఇన్‌స్టాల 1080 ఇంటు 1350 చేసి పెడతడు, అంటే పద్నాలుగున్నర లక్షలు మిగులుతయి, మిగతా రెండు కోట్ల పైచిలుకు నడిమిట్లనే రాలిపోయినయి. అది మళ్ల ఎవరో స్క్రీన్‌షాట్ కొట్టి వాట్సాప్ స్టేటస్ పెడతరు. ఏ లెక్కల ఇంత పెద్ద నష్టం వచ్చినా కాగ్ రిపోర్ట్ రాస్తది, ఇక్కడ మాత్రం నలభై మూడు లైకులొచ్చినయని దావత్ ఇస్తరు.

మిర్రర్‌లెస్ అన్న తీరు ఇంకొకటి. ఆయన డీఎస్‌ఎల్‌ఆర్‌కు (లోపల అద్దం ఉండే పాత తీరు కెమెరాకు) దినాలు కూడా చేసేసిండు. "చచ్చిపోయిన టెక్నాలజీ తమ్మీ" అని బాధగ చెప్తడు. ఈయనకు మాత్రం స్టూడెంట్లందరూ కలిసి సన్మానం చెయ్యాలె, నిజంగ చెప్తున్న, ఎందుకంటే ఈయన అట్ల ఊరూరా చాటుతుండబట్టే పాత డీఎస్‌ఎల్‌ఆర్‌ల రేటు దిగింది, ఇరవై ఇరవై ఐదు వేలల్ల బాడీ, లెన్స్ రెండూ చేతికొస్తున్నయి. చచ్చిపోయినదానికి చుట్టాలు ఎంతమందో సుత ఆయన చెప్పడు. నికాన్ ఎఫ్ మౌంట్ (లెన్స్ బిగించే మూతి) పుట్టింది 1959ల, సాగర్ డ్యామ్ రాళ్లు ఇంకా మోస్తున్న రోజులు, కెనాన్ ఈఎఫ్ మౌంట్ 1987ల, అంటే సెకండ్‌హ్యాండ్ లెన్సులు ఇన్నేండ్ల సంది పోగైనయి. కాకపోతే నికాన్‌ల ఒక మెలిక ఉంది. డీ3000, డీ5000 వరుస బాడీలల్ల ఫోకస్ మోటారు ఉండది, పాత ఏఎఫ్-డీ లెన్స్ సస్తగ దొరికిందని ఉరికి తెస్తే ఆటోఫోకస్ పని చెయ్యది, చేత్తోని తిప్పుకోవాలె. మోటారు లెన్సులనే ఉండే ఏఎఫ్-ఎస్ తీస్కోవాలె, లేదంటే డీ7000 తీరు బాడీకి పోవాలె. అమ్మేటాయన ఇది చెప్పడు. "ఫిట్టయితది గదన్నా" అంటడు. ఫిట్టయితది, అందులేం తప్పు లేదు.

ఇగ ఇంట్ల నాయిన వాదం. "మొన్ననే గదరా ఫోన్ కొనిచ్చిన, దానికే యాభై మెగాపిక్సెల్ కెమెరా ఉన్నదని నువ్వే చెప్తివి, మళ్ల ఇది దేనికి?" దీనికి సుప్రీంకోర్టుల సుత జవాబు దొరకది. ఆ తర్వాత వచ్చేది "ముందు ఇంజినీరింగ్ కానియ్యి, ఆ తర్వాత ఏమన్న జేసుకో" అనే మాట. పోరలు దీన్ని పాత కాలం ముచ్చట అని కొట్టిపారేస్తరు గాని చరిత్ర మొత్తం నాయిన దిక్కే ఉన్నది. నిజాం కాలం ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ రూర్కీల థామసన్ కాలేజీల ఇంజినీరింగ్ సదివిండు, ఇండోర్‌ల పీడబ్ల్యూడీ నౌకరి చేసుకుంటనే కెమెరా పట్టిండు, ఆ తర్వాత ఆరో నిజాం కొలువుల చేరి 1894ల రాజా బిరుదు తీసుకున్నడు. ఆ నిజాం ఎవరనుకున్నరు, మహబూబ్ అలీ ఖాన్, మన మహబూబ్‌నగర్‌కు పేరిచ్చినాయన. అంటే ఇంజినీరింగ్ సర్టిఫికెట్, సర్కారు నౌకరి, ఆ పైన ఒక నిజాం, ఈ మూడు దొరికినంక ఫోటోగ్రఫీ చేసుకోవచ్చు, ఎవ్వలూ వద్దనరు. మొదటి రెండే దొరకనప్పుడు నిజామును యాడ తేవాలె? దీన్‌దయాళ్ గాజు ప్లేట్ల మీద ఫోటోలు తీసిండు, ఆటోఫోకస్ పాయింట్లు ఎన్ని అని ఏ చాయ్ బండి కాడ అడిగిండో పుస్తకాలల్ల యాడా రాయలే.

ఇన్ని చెప్పినా ఇనకుండ కొందరు సెకండ్‌హ్యాండ్ తోవ పడతరు. జడ్చర్ల కాడ హైవే పక్కన హోటల్ల కూసొని అంగట్ల ఎద్దు పండ్లు చూసినట్టు కెమెరా చూస్తరు. అమ్మేటోడు ఎప్పుడూ ఒక్కటే కథ చెప్తడు, "డాక్టర్ సాబ్ కెమెరా అన్నా, పిల్లగాని బర్త్‌డేకు తప్ప బీరువల నుంచి తియ్యలే." డాక్టర్ సాబ్ కెమెరా అని చేతికి తీసుకుంటే పైన ఫ్లాష్ ఎక్కించే కాడ నల్ల రంగు అరిగి ఇనుము తేలి ఉంటది, బొటనవేలు పెట్టే కాడ రబ్బరు లేచి మళ్ల ఫెవిక్విక్ అంటిచ్చి ఉంటది, పట్టీ కుట్టుల పసుపు, ఆ పసుపుల ఒక అక్షింత గింజ. డాక్టర్ సాబ్ ఎన్ని లగ్గాలు చేసుకున్నడో ఏమో. ఎంట్రీ లెవెల్ బాడీల షట్టర్ దగ్గర దగ్గర లక్ష క్లిక్కులకు అని లెక్క, లగ్గానికి వేల ఫోటోలు కొడతరు, మాఘం, ఫాల్గుణం, వైశాఖం మూర్తాలు ఏసుకుంటే మీరే గుణించుకోండ్రి. నికాన్ అయితే ఒక జేపెగ్ కొట్టి కంప్యూటర్ల చూస్తే ఎన్ని క్లిక్కులైనయో అందులనే రాసి ఉంటది, కెనాన్ ఫోటోల అట్ల రాయది, దానికి వేరే సాఫ్ట్‌వేర్ పెట్టి చూడాలె, అందుకేనేమో డాక్టర్ సాబులందరూ కెనానే వాడుతరు. లెన్స్ ఎనకనుంచి ఫోన్ టార్చ్ కొట్టి చూడాలె, లోపల సన్నగ పోగులు పోగులుగ ఉంటే అది ఫంగస్, "తుడిస్తే పోతదన్నా" అంటే పోవాల్సింది మనమే, బయటికి. తెల్ల గోడ దిక్కు పెట్టి ఎఫ్ 22ల (ఎఫ్ పక్కన అంకె పెద్దదైతే లెన్స్ తక్కువ తెరుచుకున్నట్టు, చిన్నదైతే ఎక్కువ) ఒక ఫోటో కొడితే సెన్సార్ మీది దుమ్మంతా బయటపడతది. ఇవన్నీ చూసుకొని బిల్లు, ఛార్జర్ అడిగేవరకు చాయ్ చల్లారిపోతది, అమ్మేటోని మొకం కూడా.

ఇట్ల మొండికేసి కొన్న ఒక డిగ్రీ పిల్లను పానగల్ ఛాయా సోమేశ్వరాలయంల చూసిన. అదే, గర్భగుడిల లింగం మీద పొద్దంత నీడ పడే గుడి. చేతుల పాత కెనాన్ 700డీ, 2013 మోడలు, 18 మెగాపిక్సెల్, నలుగురిల తీయనీకి సిగ్గుపడేటంత పాతది. కాని దానికి 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ పెట్టింది, కొత్తదైనా పది వేల అటూ ఇటూ ఉంటది. కెమెరాతోని వచ్చే 18-55 లెన్స్ చివరిదాంక జూమ్ చేస్తే ఎఫ్ 5.6 దాటి తెరుచుకోది, ఆ మండపం చీకట్ల షట్టర్ సెకనుల పదిహేనో వంతు కాడ ఆగిపోతది, అయ్యగారు హారతి తిప్పుతుంటే చెయ్యి ఏదో, మంట ఏదో తెల్వది. ఎఫ్ 1.8 అంటే దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుగు, షట్టర్ సెకనుల 125వ వంతు దాటింది, అయ్యగారి వేలి ఉంగరం సుత గట్టిగ దిగింది. కెనాన్ క్రాప్ బాడీ మీద ఆ యాభై ఎనభై లెక్క కనపడతది కాబట్టి పాపం వీపు స్తంభానికి ఆనేదాంక ఎనకకు పోయింది, ఇంకా పోనీకి జాగ లేదు, అయ్యగారు మొత్తం పట్టలే, సరే అని చెయ్యి, హారతి, సగం గంట, అంతవరకే తీసింది.

అక్కడనే తిరుపతికి పోయేటంత సామాను మోసుకొచ్చిన ఫుల్‌ఫ్రేమ్ అన్న ట్రైపాడ్ కాళ్లు లాగుతున్నడు. హారతి అయిపోయింది.

ఈ పిల్ల చేసిన పనిని తీవ్రంగ ఖండిస్తున్న. ఎవ్వరినీ అడగలే, పోలిక వీడియో చూడలే, మెమరీ కార్డు, ఇంకో బ్యాటరీకి ముందే పైసలు పక్కన పెట్టుకున్నదట, లెన్స్ దాయనీకి గాలి పోని ప్లాస్టిక్ డబ్బా, అందుల చెప్పుల డబ్బాలల్ల వచ్చే సిలికా జెల్ పొట్లాలు, గంతే. అందరూ ఇట్ల తయారైతే చాయ్ బండి కాడ అన్నలు ఏం పని చెయ్యాలె? వాళ్లకూ పెండ్లాం పిల్లలు ఉన్నరు. ఒక్క బాడీ, ఒక్క లెన్స్‌తోని ఏడాది నడిపిస్తా అని ఎవడన్నా బహిరంగంగ అంటే మందలిచ్చే అధికారం వార్డు మెంబర్‌కు ఇయ్యాలె అని నా డిమాండ్.

అయినా ఈ కొన్నోళ్లకు అసలు శిక్ష చుట్టాలే వేస్తరు. కెమెరా ఇంట్లకు వచ్చిన ముచ్చట ఇనగానే పెద్దమ్మకు ఆధార్‌ల ఫోటో మంచిగలేదని గుర్తుకొస్తది, చిన్నాయన కొత్త ట్రాక్టర్ ముంగట నిలబడతడు, బతుకమ్మ నాడు వాడ మొత్తం ఆడోళ్లు ఆడుడు ఆపి వరుసగ నిలుచుంటరు. ఫోటో కొట్టి చెయ్యి దించకముందే "వాట్సాప్‌ల పెట్టు బిడ్డా" అంటరు, పెట్టినంక "జర తెల్లగ చేసి పెట్టు" అంటరు. ఊర్ల స్టూడియో నడుపుకునే అన్న ఇదంతా చూసి పలకరిచ్చుడు బందు పెడతడు, ఆయన కోపంల న్యాయం ఉంది, కరిజ్మా ఆల్బం మీద నాలుగు పైసలొచ్చే కాడ వీడు ఫుకట్ల తీస్తుండె. పైసలు అడిగినవనుకో, "సొంత మనుషుల కాడ పైసలేందిరా" అంటరు, అడగలేదనుకో, పక్కూరి వాళ్లు సుత సొంత మనుషులు అయిపోతరు.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఆర్డర్ పెట్టి చూడండ్రి. కెమెరా ఇంకా కొరియర్లనే ఉంటది, అప్పటికే అమ్మ ఫోన్ల మేనత్తకు మాట ఇచ్చేసి ఉంటది. ఎల్లుండి మిర్యాలగూడల సారీ ఫంక్షనట, పొద్దుగాల ఆరింటి బస్సుకే బయలెల్లాలెనట, వచ్చేటప్పుడు ఆ గొడుగు లైటు సుత ఎవరినన్నా అడిగి పట్టుకురమ్మన్నదట.