శీర్షికలో పట్టని 'కనీసం'

యుద్ధంలో ఎంతమంది పోయారన్న లెక్క అన్నిసార్లూ ఒకేలా తేలదు. విశాఖ బీచ్ రోడ్డులో 1971 యుద్ధానికి గుర్తుగా 'విక్టరీ ఎట్ సీ' స్తూపం ఉంది. ఆ యుద్ధం మొదలైన రోజుల్లోనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన హార్బర్ బయట మునిగింది. ఎలా మునిగిందన్న దానిమీద రెండు దేశాలకూ ఇప్పటికీ పొసగదు. లోపల ఎంతమంది ఉన్నారన్న దానిమీద మాత్రం పెద్ద గొడవ లేదు, తొంభై మందికి పైనే. సైనికుడికి జీతాల రిజిస్టర్లో పేరుంటుంది, పోతే ఇంటికి పింఛను వెళ్లాలి. అందుకే ఆ లెక్కలో తేడా తక్కువ.

మామూలు జనం సంగతి అలా కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేస్తే ఊరి జనం పల్లెలకు పరుగు తీశారు. బాంబు పడి పోయినవాళ్లను లెక్కపెట్టొచ్చు. పల్లెకు పారిపోయాక మందు దొరక్క జ్వరంతో ఓ పసిపిల్ల పోయిందనుకుందాం. ఆ చావును ఏ ఖాతాలో రాయాలి?

2003లో అమెరికా దండెత్తాక ఇరాక్‌లో ఎంతమంది పోయారన్న పోట్లాటలో ఈ ప్రశ్న కూడా ఉంది. 2006లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన సర్వే, యుద్ధం లేకపోతే బతికి ఉండేవాళ్లు సుమారు 6.55 లక్షల మంది అంది. అందులో 6 లక్షలు హింస వల్లేనట. ఇంచుమించు అదే కాలానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇరాక్ ప్రభుత్వం కలిసి చేసిన సర్వేలో హింసాత్మక మరణాలు 1.51 లక్షలు. రెండూ ఇంటింటికీ తిరిగి అడిగినవే! మొదటిది తిరిగింది రెండు వేల లోపు ఇళ్లు, రెండోది తొమ్మిది వేల పైచిలుకు. నాకు రెండోదాని మీదే ఎక్కువ నమ్మకం. అయినా అడిగేవాడు వెళ్లలేని వీధుల్లోనే చావులెక్కువ అన్న అనుమానం దానికీ తప్పదు.

పేరుపేరునా రాసుకుంటే? 1992-95 యుద్ధం తర్వాత బోస్నియాలో అలాగే చేశారు. రెండు లక్షల పైనే అని ప్రచారమైన లెక్క, పేర్లు పోగేశాక సుమారు 97 వేల దగ్గర ఆగింది. చావుల లెక్క ప్రతిసారీ తగ్గించే చెబుతారనుకోవడం కూడా పొరపాటే.

పేర్లతో మరో చిక్కుంది. మన దగ్గర ఆస్పత్రి ఓపీలో 'అప్పలరాజు' అని పిలిస్తే ముగ్గురు లేస్తారు. సింహాద్రి అప్పన్న చలవ! రెండు జాబితాల్లో అప్పలరాజు ఉంటే ఒకడా, ఇద్దరా? తండ్రి పేరు, ఊరు, పోయిన తేదీ సరిచూసుకోవాల్సిందే.

అలా సరిచూడటంలోనే ఒక ఉపాయం దొరికింది. వేర్వేరు మనుషులు విడివిడిగా రాసిన జాబితాల్లో చాలా పేర్లు కలిస్తే, బయట మిగిలినవాళ్లు తక్కువని అర్థం. కలిసేవి కొన్నే అయితే ఎవరికంటా పడనివాళ్లు ఇంకా చాలామంది ఉన్నట్టు. సిరియా అంతర్యుద్ధానికి ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం ఈ పద్ధతే వాడింది. 2011 నుంచి పదేళ్లలో పేరుపేరునా నమోదైన పౌరుల మరణాలు 1,43,350. ఏ జాబితాకూ ఎక్కనివి మరో 1,63,537 ఉంటాయని అంచనా కట్టి, 2022లో మొత్తం 3,06,887 అని ప్రకటించింది.

అంటే సగానికి పైగా అంచనాయే. నమోదైన లెక్కకు ముందు 'కనీసం' అని, అంచనాకు ముందు 'సుమారు' అని ఉండాలి. పత్రిక డెస్కులో పనిచేసిన రోజుల్లో శీర్షిక పట్టక నేనూ 'కనీసం' కొట్టేసేవాణ్ని. మర్నాడు ఏజెన్సీ వార్తలో అంకె పెరిగితే, నిన్నటిది తప్పా అని పాఠకులు ఫోన్ చేసేవారు.