ఎనిమిది ఎపిసోడ్లు చూసి ఆర్టెటాకి కోచింగ్ రాదనడం తప్పు

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్ ఓడిపోయిన ప్రతిసారీ, దాని కోచ్ మికెల్ ఆర్టెటా మీద ఒక వాదన మళ్లీ చేతులు మారుతుంది. అది ఇలా సాగుతుంది: "అమెజాన్ ప్రైమ్‌లో 'ఆల్ ఆర్ నథింగ్: ఆర్సెనల్' డాక్యుమెంటరీ సీరీస్ చూసినప్పుడే ఆర్టెటా సంగతి తెలిసిపోయింది. బోర్డు మీద గుండె, మెదడు బొమ్మలు గీస్తాడు. బల్బు పట్టుకుని ఉపన్యాసం ఇస్తాడు. ప్రాక్టీస్ గ్రౌండ్‌లో స్పీకర్లు పెట్టి లివర్‌పూల్ అభిమానుల పాట వినిపిస్తాడు, తీరా మ్యాచ్‌కి వెళ్లి 4-0తో ఓడిపోతాడు. కెప్టెన్ ఓబమెయాంగ్ ఆలస్యంగా వచ్చిన రోజులన్నీ రాసిపెట్టుకుని పగ తీర్చుకుంటాడు. ఎనిమిది ఎపిసోడ్లలో ఒక్క వ్యూహం కనబడలేదు. ఇతను మోటివేషనల్ స్పీకర్, కోచ్ కాదు."

ఈ వాదన చేసేవాళ్లలో నాకు తెలిసినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు ఆట తెలియనివాళ్లేం కాదు. పైగా వాళ్లు వాడే సామెత కూడా బాగానే ఉంటుంది: అన్నం ఉడికిందో లేదో తెలియడానికి కుండంతా కలపక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు. నిజమే. కానీ ఆ మెతుకు మన చేత్తో మనం తీయాలి. ఈ సీరీస్‌లో మెతుకులు ఏరింది వేరేవాళ్లు. అవి ఏరింది ఉడుకు చూడడానికి కాదు, చూసేవాళ్లు తర్వాతి ఎపిసోడ్‌కి వెళ్లాలని.

అన్నిటికంటే ఎక్కువ మందిని నమ్మించేది ఆ చివరి మాటే కాబట్టి దానితో మొదలుపెడతాను. "వ్యూహం కనబడలేదు, కాబట్టి లేదు."

సీరీస్ చూపించిన 2021-22 సీజన్‌లో ఆర్సెనల్ అన్ని టోర్నీలు కలిపి 45 మ్యాచులు ఆడింది. ఆట సమయమే 67 గంటల పైన. దాని వెనకాల పది నెలల ప్రాక్టీస్, వీడియో మీటింగులు. సీరీస్ ఎనిమిది ఎపిసోడ్లు, ఒక్కొక్కటి గంట లోపే. అందులోనే గోల్స్, గాయాలు, ఆటగాళ్ల ఇళ్లు, అభిమానుల గోల, బదిలీల టెన్షన్ అన్నీ పట్టాలి. డిఫెండర్ రెండు అడుగులు ముందుకి జరగాలా వద్దా అన్న నలభై నిమిషాల చర్చని ఎవరూ అందులో ఉంచరు.

ఉంచకపోవడానికి ఇంకా గట్టి కారణం ఉంది. మొదటి ఎపిసోడ్లు వచ్చింది 2022 ఆగస్టు 4న. కొత్త సీజన్‌లో ఆర్సెనల్ మొదటి మ్యాచ్ సరిగ్గా మర్నాడు, ఆగస్టు 5న, క్రిస్టల్ ప్యాలెస్ గ్రౌండ్‌లో. మన టైమ్‌కి అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకి మొదలైంది. ఇరవయ్యో నిమిషంలో ఆర్సెనల్‌కి కార్నర్ వచ్చింది. సాకా బంతిని గోల్ ముందున్న గుంపులోకి కొట్టలేదు. అందరి తలల మీదుగా అవతలి పోస్టు వైపుకి పంపాడు. అక్కడ జిన్‌చెంకో ఒక్కడే ఉన్నాడు, దగ్గర్లో ప్యాలెస్ ఆటగాడెవడూ లేడు. అతను తలతో బంతిని మళ్లీ గోల్ ముందుకి తిప్పాడు, మార్టినెల్లి తలతో లోపలికి నెట్టాడు. ఇలాంటి గోల్ అప్పటికప్పుడు పుట్టదు. ఎవరు ఎటు పరిగెత్తి ఎవర్ని లాక్కెళ్తే జిన్‌చెంకో చుట్టూ ఖాళీ వస్తుందో ముందే లెక్కేసి, పదేపదే ప్రాక్టీస్ చేస్తేనే వస్తుంది. ఆర్సెనల్ 2-0తో గెలిచింది. ఇలాంటి కార్నర్లు నేర్పడానికే నికొలాస్ జోవర్ అనే ప్రత్యేక కోచ్‌ని 2021లో మాంచెస్టర్ సిటీ నుంచి తెచ్చుకున్నారు.

ఇప్పుడు చెప్పండి. అలాంటి ప్రాక్టీస్‌ని సీరీస్‌లో విడమరిచి చూపించి ఉంటే, ముందురోజు సాయంత్రం టీవీ ముందు కూర్చుని రాసుకోవడానికి ప్యాలెస్ కోచ్ పాట్రిక్ వియెరాకి అంతకంటే ఏం కావాలి? క్లబ్ అనుమతితో కెమెరాలు లోపలికి వెళ్లిన చోట క్లబ్‌కి నష్టం చేసే సరుకు బయటికి రాదు. డ్రెస్సింగ్ రూమ్ ఉపన్యాసం బయటికొస్తే నష్టం లేదు, అందుకే మనకి దొరికింది అదే.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. నేను కాలేజీ టీమ్‌లో లెఫ్ట్ బ్యాక్ ఆడేవాణ్ని. మా కోచ్ ఒక సాయంత్రమంతా నాతో చేయించిన పని ఒకటే: బంతి కుడి పక్కన ఉన్నప్పుడు నేను ఎక్కడ నిలబడాలి. కోన్లు లేవు, నేల మీద ఇటుక ముక్కలు పెట్టారు. బంతి అటు వెళ్తే మూడో ఇటుక దగ్గరికి రావాలి, ఇటు తిరిగితే మొదటి ఇటుక దగ్గరికి వెనక్కి పోవాలి. చీకటి పడేదాకా అదే. నాకే విసుగొచ్చింది, చూసేవాడికి నిద్రే. మర్నాడు మ్యాచ్‌కి ముందు ఆయన మమ్మల్ని గుండ్రంగా నిలబెట్టి, మా ఇళ్లలో వాళ్ల పేర్లు తీసి, ఒక రెండు నిమిషాలు గట్టిగా అరిచారు. ఆ రెండు రోజుల్ని ఎవరైనా కెమెరాతో తీసి ఉంటే ఏది మిగిలేదో చెప్పక్కర్లేదు. ఆ మ్యాచ్‌లో నా పక్క నుంచి గోల్ పడకపోవడానికి కారణం మాత్రం ఆ మూడో ఇటుక.

ఇక బొమ్మలు, బల్బు. ఆర్టెటా బల్బు చూపించాడు, గుండె, మెదడు చేయి చేయి పట్టుకున్నట్టు బొమ్మ గీశాడు. అది చూసి నవ్వు రావచ్చు. నాకూ మొదటిసారి కొంచెం ఇబ్బందిగానే అనిపించింది. అయితే ఆ మాటలు మన కోసం కాదు. గదిలో ఉన్నది ఎక్కువగా ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు. ఆ ఏడాది ప్రీమియర్ లీగ్‌లో అన్నిటికంటే చిన్న వయసు జట్టు అదే. అందులో చాలామందికి ఇంగ్లిష్ మాతృభాష కాదు, ఆర్టెటాకీ కాదు. అలాంటి గదిలో బొమ్మ గీయడం చిన్నతనమేమీ కాదు. టోటెన్‌హామ్‌తో మ్యాచ్‌కి ముందు క్లబ్ ఫోటోగ్రాఫర్‌ని లేపి మాట్లాడించాడు. ఏళ్ల తరబడి ఆ క్లబ్‌లోనే పనిచేస్తున్న అభిమాని ఆయన. ఆ మ్యాచ్‌లో ముప్పై నాలుగు నిమిషాలు గడిచేసరికి ఆర్సెనల్ 3-0. ఉపన్యాసం వల్లే గెలిచారని నేను అనడం లేదు. అలా అంటే నేనూ వాళ్లు చేసే తప్పే చేసినట్టు. ఉపన్యాసం ఇచ్చాడు కాబట్టి అతని దగ్గర ఇంకేమీ లేదనడం కూడా అలాంటి తప్పే అంటున్నాను.

భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్, మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి విషయంలోనూ ఇదే జరుగుతుంది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ అనగానే, జబ్బుతో ఉన్న ఆయన ఆటగాళ్లతో మాట్లాడిన మాటలే చెప్పుకుంటాం. కళ్లు చెమరుస్తాయి, సరే. కానీ తలకి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డ్‌గా పంపాలన్న నిర్ణయం కూడా ఆయనదే. ఆ డిఫెండర్ సెమీఫైనల్లో ఒక గోల్, దక్షిణ కొరియాతో 2-1గా గెలిచిన ఫైనల్లో ఒక గోల్ కొట్టాడు. నాకు రహీమ్ గారంటే ఆ నిర్ణయమే ముందు గుర్తొస్తుంది.

స్పీకర్ల కథకి వద్దాం. 2021 నవంబర్ 20న లివర్‌పూల్ గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో 4-0 ఓటమి. దీన్ని అందరూ "స్పీకర్లు పెట్టాడు, ఓడాడు" అని ఒక్క ఊపులో చెప్పేస్తారు, రెండోది మొదటిదాని వల్లే జరిగినట్టు. మ్యాచ్ చూసినవాళ్లు గుర్తు తెచ్చుకోండి. ముప్పై తొమ్మిదో నిమిషం దాకా 0-0. ఫ్రీకిక్ మీద మానే తలతో మొదటి గోల్ కొట్టాడు. రెండో గోల్ నునో తవారెస్ తప్పుడు పాస్ వల్ల వచ్చింది, జోటా దాన్ని అందుకుని కొట్టేశాడు. తవారెస్‌కీ, మిడ్‌ఫీల్డ్‌లో ఆడిన లొకొంగాకీ ఇంగ్లండ్‌లో అదే మొదటి సీజన్. అలాంటి కుర్రాళ్లకి ఆ గోల ముందే చెవిన వేయాలనుకోవడంలో తప్పేముంది? అది సరిపోలేదు, అంతే. అవతల ఉన్నది కూడా ఆ ఏడాది సొంత గ్రౌండ్‌లో లీగ్ మ్యాచ్ ఒక్కటీ ఓడని లివర్‌పూల్.

ఆ రోజు ఆర్టెటాని తప్పు పట్టాలంటే నేను పట్టే తప్పు వేరే. మొదటి గోల్‌కి కొద్ది నిమిషాల ముందు గీత దగ్గర లివర్‌పూల్ కోచ్ క్లాప్‌తో అరుపులకి దిగాడు. అప్పటిదాకా కాస్త చల్లగా ఉన్న స్టేడియం ఒక్కసారిగా లేచింది. గోలకి జట్టుని సిద్ధం చేసిన మనిషే ఆ గోలని లేపాడు. ఇది తెలుసుకోవడానికి సీరీస్ కోసం తొమ్మిది నెలలు ఆగక్కర్లేదు, ఆ రాత్రే కనబడింది.

స్పీకర్ల గురించి మాట్లాడేవాళ్లు తర్వాతి జనవరి 13ని ఎప్పుడూ ఎందుకు తలవరో నాకు అర్థం కాదు. అదే ఆన్‌ఫీల్డ్, లీగ్ కప్ సెమీఫైనల్ మొదటి మ్యాచ్. ఇరవై నాలుగో నిమిషంలో ఆర్సెనల్ ఆటగాడు జాకాకి రెడ్ కార్డ్. గంటకి పైగా పది మందితో ఆడి 0-0తో బయటపడ్డారు. రెండో మ్యాచ్ ఓడి కప్ నుంచి నిష్క్రమించారు, అది వేరే విషయం. కోచ్ నేర్పింది కనబడాలంటే ఒక మనిషి తక్కువైనప్పుడు మిగతా పది మంది ఎక్కడ నిలబడ్డారో చూడాలి. బల్బు సీన్‌ని పదిసార్లు చూసినవాళ్లు ఆ మ్యాచ్ రెండో సగాన్ని ఒక్కసారి చూడండి.

సీజన్ మొదట్లో వరసగా మూడు ఓటములు, తొమ్మిది గోల్స్ సమర్పణ, పట్టికలో అట్టడుగు. సీరీస్ దీని చుట్టూ చాలా ఉత్కంఠ కట్టింది, అది దాని పని. అయితే బ్రెంట్‌ఫర్డ్‌తో మొదటి మ్యాచ్‌కి స్ట్రైకర్లు ఓబమెయాంగ్, లకజెట్ ఇద్దరూ లేరు. గోల్‌కీపర్ రామ్స్‌డేల్, డిఫెండర్లు టొమియాసు, బెన్ వైట్, గాబ్రియేల్, టియర్నీ కలిసి మొదటిసారి ఆడింది సెప్టెంబర్ 11న, నార్విచ్‌తో. అక్కడి నుంచి ఆన్‌ఫీల్డ్ దాకా లీగ్‌లో ఎనిమిది మ్యాచులు ఓటమి లేదు. మొదటి మూడింటిలో సున్నా పాయింట్లు, మిగతా 35లో 69. చూసిన అయోమయం నిజమే కావచ్చు, కానీ అది మూడు వారాల అయోమయం.

ఓబమెయాంగ్ విషయంలో మాత్రం ఎదుటివాళ్ల మాటలో కొంత పస ఉంది. ఆలస్యాల చిట్టా పగ కోసం రాశాడనడం అన్యాయం. లక్షల పౌండ్ల జీతం తీసుకునే కెప్టెన్ మీద చర్య తీసుకునే మేనేజర్ దగ్గర రుజువు ఉండాలి, ఏ ఆఫీసులోనైనా అంతే. కెప్టెన్సీ తీసేయడం సరైనదే అని ఇప్పటికీ అనుకుంటున్నాను. జనవరిలో అతన్ని వదిలేసి, ఆ చోటికి ఇంకో స్ట్రైకర్ని తెచ్చుకోకపోవడం మాత్రం పెద్ద దెబ్బ. లకజెట్ ఆ సీజన్ లీగ్‌లో కొట్టింది నాలుగే గోల్స్. ఏప్రిల్‌లో ప్యాలెస్, బ్రైటన్, సౌతాంప్టన్ చేతుల్లో వరసగా మూడు ఓటములు. చివరికి టోటెన్‌హామ్‌కి 71 పాయింట్లు, ఆర్సెనల్‌కి 69, నాలుగో స్థానంతో వచ్చే చాంపియన్స్ లీగ్ చోటు పోయింది. ఈ నిర్ణయం మీద ఎంత గట్టిగా విమర్శించినా నేను వింటాను. చిట్టా మీద వినను.

కెమెరా ముందు బాగున్నవాడు మంచి కోచ్ అనుకునేవాళ్లకీ ఒక మాట. అదే పేరుతో టోటెన్‌హామ్ మీద 2019-20 సీజన్‌ని చూపించిన సీరీస్‌లో జోసే మౌరిన్యో తెరని ఏలాడు. మాటకి మాట, నవ్వు, కోపం, అన్నీ కుదిరాయి. అది చూసి ఇక టోటెన్‌హామ్ దశ తిరిగినట్టే అన్నవాళ్లని నేనెరుగుదును. సీరీస్ వచ్చి ఎనిమిది నెలలైనా కాకుండానే, 2021 ఏప్రిల్ 19న, లీగ్ కప్ ఫైనల్‌కి ఆరు రోజుల ముందు అతన్ని తీసేశారు. సండర్‌లాండ్ క్లబ్ 2017-18 సీజన్ మీద నెట్‌ఫ్లిక్స్ తీసినదీ అంతే. కోచ్‌గా సైమన్ గ్రేసన్ పోయి క్రిస్ కోల్‌మన్ వచ్చాక చూసేవాళ్లకి అతను ఎంతో నచ్చాడు, నాకూ నచ్చాడు. జట్టు మాత్రం పట్టికలో ఆఖరి స్థానంలో నిలిచి మూడో అంచెకి పడిపోయింది. తెర మీద ఇబ్బందిగా కనిపించిన ఆర్టెటా జట్టు తర్వాతి మూడు సీజన్లలో 84, 89, 74 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచింది. రెండోదే కదా, మొదటిది కాదు కదా అంటారా? అనండి, అది ఆట మీద చేసే విమర్శ. దానికి జవాబు కూడా ఆటలోనే వెతుకుదాం.

నాకు ఆర్టెటా మీద ఇప్పటికీ తీరని కోపం ఉన్న మ్యాచ్ 2022 మే 16 నాటిది, న్యూకాజిల్‌లో. గెలిస్తే నాలుగో స్థానం మళ్లీ చేతికొచ్చేది. మనకి అప్పటికే 17వ తేదీ, అర్ధరాత్రి దాటింది. మొదటి నిమిషం నుంచి న్యూకాజిల్ వాళ్లు మీద పడుతుంటే బంతిని మిడ్‌ఫీల్డ్ దాటించడానికి ఆర్సెనల్ దగ్గర రెండో దారి లేదు. సగం విరామంలో ఏమీ మారలేదు. యాభై అయిదో నిమిషంలో బెన్ వైట్ సొంత గోల్, ఎనభై అయిదులో గిమరైస్ రెండోది. ఆ విరామంలో గదిలో ఏం మాట్లాడాడన్నది నాకు ముఖ్యం కాదు. తిరిగొచ్చాక బంతి అదే దారిలో వెళ్లి, మళ్లీ అదే చోట ఆగిపోయింది.