కనెక్షన్ బావ పేరు మీద, టొరెంట్ అల్లుడి లాప్‌టాప్‌లో

దసరా సెలవులకు మిర్యాలగూడలో అక్కవాళ్ల ఇంటికి పోయాను. ఇంజినీరింగ్ మూడో ఏడాది చదివే మేనల్లుడు హాల్లో కూర్చొని ఒక కొరియన్ సిరీస్ ఎపిసోడ్లన్నీ టొరెంట్‌లో దించుతున్నాడు. ఆ సాఫ్ట్‌వేర్‌లో కింద ‘పీర్స్’ అని ఉన్నచోట నొక్కమన్నాను. వరసగా నంబర్లు వచ్చాయి. ఒక్కోదాని పక్కన చిన్న జెండా. బ్రెజిల్, పోలండ్, ఫిలిప్పీన్స్. ఒక్కో నంబర్ వెనకున్న మనిషి వాడే సాఫ్ట్‌వేర్ ఏంటో, ఫైల్ ఎంత శాతం దిగిందో కూడా ఉంది.

“వీళ్లంత ఎవరురా?”

“మనలెక్కనే దించుకునేటోళ్లు మామా.”

“మరి వాళ్ల స్క్రీన్ మీద మన జెండా పక్కన కనబడే నంబర్ ఎవరిది?”

కాసేపు ఆగి, “మనదే. అంటే... నాన్నది” అన్నాడు.

టొరెంట్ సంగతి వస్తే మన దగ్గర రెండు మాటలే వినపడతాయి. పోలీసులు పట్టుకుంటారని కొందరు, ఎవడూ పట్టించుకోడని కొందరు. నాకు ఈ రెండూ అసలు విషయాన్ని వదిలేసినట్టే అనిపిస్తుంది. తిరకాసంతా ‘డౌన్‌లోడ్’ అనే మాటలోనే ఉంది.

వెనకట నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల మొబైల్ షాపుల్లో మెమరీ కార్డులో సినిమాలు, పాటలు ఎక్కించేవాళ్లు. ఇచ్చేవాడు షాపాయన, తీసుకునేవాళ్లం మనం. మన పేరు ఎవరూ రాసుకునేవాళ్లు కాదు. ఈ టొరెంట్ పద్ధతిలో, అంటే 2001లో బ్రామ్ కోహెన్ తయారుచేసిన బిట్‌టొరెంట్‌లో, ఆ షాపాయన ఉండడు. ఫైల్ చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. మనకు దిగిన ముక్కను అది లేనివాళ్లకు మన కంప్యూటరే పంపిస్తుంది. అట్లా ఒకరికొకరు పంచుకుంటారు కాబట్టే అంత స్పీడు. అంటే దించుకోవడం మొదలైన కాసేపటికే మనం పంచడం కూడా మొదలుపెట్టేశాం. ముక్కలు మార్చుకోవాలంటే అడ్రస్ తెలియాలి కదా, అందుకే అందరి ఐపీ అడ్రస్‌లూ, అంటే ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తుపట్టే ఆ నంబర్లు, అందరికీ కనపడతాయి. ఆ గుంపులోకి ఎవరైనా రావచ్చు, సినిమా హక్కులున్న కంపెనీ పెట్టుకున్న మనిషైనా సరే. అతను దేన్నీ హ్యాక్ చేయనక్కరలేదు. మా అల్లుడు చూసిన లిస్టునే చూసి, టైముతో సహా రాసుకుంటే చాలు.

“నేను చూసుకోనీకి దించుకున్న, అమ్ముకోనీకి కాదు” అనేది అందరి దగ్గరా ఉండే జవాబు. కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 52 సొంత వాడకానికి కొంత వెసులుబాటు ఇచ్చిన మాట నిజమే. దొంగ కాపీకి అది వర్తిస్తుందా అన్న వాదన పక్కన పెడదాం. పంచడానికి మాత్రం వర్తించదు. సినిమా లాంటి ఒక కృతిని జనం చూడటానికి అందుబాటులో పెడితే చాలు, నిజంగా ఎవరైనా చూశారా లేదా అన్నదాంతో పనిలేదని అదే చట్టంలో నిర్వచనం ఉంది. టొరెంట్ చేసేది అచ్చంగా అదే. తెలిసి చేసిన ఉల్లంఘనకు సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. లాభం కోసం చేయలేదని తేలితే, ప్రత్యేక కారణాలు రాసి కోర్టు శిక్ష తగ్గించవచ్చు. అయితే ఇది వారెంట్ లేకుండా అరెస్టు చేయదగ్గ, నాన్‌బెయిలబుల్ నేరమని 2022 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. తగ్గింపు దొరికేది చివర్లో, టెన్షన్ మొదలయ్యేది ముందు.

ఇక్కడ ఇంట్లో కూర్చొని ఎపిసోడ్ దించిన కుర్రాడి కోసం పోలీసులు వెతుక్కుంటూ రావడం మామూలుగా జరగదు. నిర్మాతలు ఎక్కువగా హైకోర్టులకు పోయి వెబ్‌సైట్లను బ్లాక్ చేయిస్తారు. ఊరూ పేరూ తెలియని ముద్దాయికి మన కోర్టుల్లో అశోక్ కుమార్ అని పేరు పెడతారు, ఆ పేరున్నవాళ్లు ఏమనుకుంటారో మరి. బ్లాక్ చేసిన సైటు వారంలో ఇంకో పేరుతో వస్తుంటే, ఆ కొత్త అడ్రస్‌లనూ అదే ఆర్డర్‌లో చేర్చే పద్ధతిని 2019లో ఢిల్లీ హైకోర్టు తెచ్చింది. పెద్ద కేసులు అట్లాంటి సైట్లు నడిపించేవాళ్ల మీదే. 2025 నవంబర్‌లో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు దొంగ సినిమాల సైటు ఐబొమ్మ నిర్వాహకుణ్ణి అరెస్టు చేశారు. ఆ వార్తలో నన్ను ఆపింది సినిమాల లెక్క కాదు. అతని దగ్గర దాదాపు 50 లక్షల మంది యూజర్ల డేటా ఉందని పోలీసులే చెప్పారు. అందులో పాలమూరు, నల్లగొండ నంబర్లు తక్కువేమీ ఉండవని నా అనుమానం. టికెట్ డబ్బులు మిగిలాయని సంతోషపడ్డవాళ్లు ఏం ఇచ్చి చూశారో ఇప్పటికీ లెక్క వేసుకోలేదు.

మా అల్లుడికి ఇదేమీ ఎక్కలేదు. “ఏం గాదు మామా” అన్నాడు. జర్మనీ సంగతి చెబితే మాత్రం లాప్‌టాప్ మీద నుంచి తల ఎత్తాడు, వాడు ఎమ్మెస్‌కు పోదామనుకుంటున్నది అక్కడికే. అక్కడ హక్కుదారుల తరఫు లాయర్లు ఇలాంటి లిస్టులే పట్టుకొని కోర్టుకు పోతారు. ఫలానా టైముకు ఆ ఐపీ ఎవరిదో ఇంటర్నెట్ కంపెనీ నుంచి తెప్పించుకుంటారు. తరవాత కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకు ఉత్తరం వస్తుంది. మళ్లీ చేయనని సంతకం పెట్టమని, కొన్ని వందల యూరోలు కట్టమని. మన ఇళ్లలో నేర్చుకున్న అలవాటుతో పోయిన పిల్లలు మొదటి సెమిస్టర్‌లోనే ఆ కవరు చేతిలో పట్టుకుంటారు. ఫ్లాట్‌లో నలుగురుండి వైఫై ఒకరి పేరు మీద ఉంటే, తిట్లు తినేది ఆ ఒక్కడు.

ఇక్కడ అట్లాంటి ఉత్తరాలు రావు కానీ, రాయడానికి కావలసిన సరుకు అంతా ఉంది. ఒకే ఐపీని వందలమందికి పంచే కంపెనీలున్నా, ఏ టైముకు ఎవరు వాడారన్న రికార్డులను, అంటే లాగ్‌లను, కనీసం రెండేళ్లు ఉంచాలని 2021 చివర్లో టెలికాం శాఖ లైసెన్సు నిబంధన మార్చింది. ఆ లాగ్ చివర ఉండేది ఆధార్ ఇచ్చి కనెక్షన్ తీసుకున్న మనిషి. మా అక్క ఇంట్లో ఆ మనిషి బావ. ఆయన స్కూల్ టీచరు, టొరెంట్ అనే మాట కూడా ఎప్పుడూ వాడి ఉండడు.

మన ఐపీ బయటికి కనపడకుండా దాచే వీపీఎన్ పెట్టుకుంటే సరిపోతుంది కదా అంటారు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల వివరాలు ఐదేళ్లు దాచాలి. అది ఇష్టం లేక కొన్ని పెద్ద కంపెనీలు తమ సర్వర్లను మన దేశం నుంచి తీసేశాయి. ఫ్రీ వీపీఎన్ అయితే, మన ట్రాఫిక్ మొత్తం ఎవరో తెలియని ఇంకొకడి చేతిలో పెట్టినట్టే. ఇక సినిమా పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్ల (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు) గురించి చెప్పేదేముంది, ఇన్‌స్టాల్ చేసి ఎస్సెమ్మెస్ పర్మిషన్ ఇస్తే బ్యాంకు ఓటీపీ కూడా వాళ్లకే పోతుంది.

రాత్రి భోజనాలయ్యాక బావ వార్తలు పెట్టుకున్నాడు. వీడియో మాటిమాటికీ ఆగుతోంది. “నెట్‌కు ఏమొచ్చిందిరా?” అని లోపలికి కేకేశాడు. పోయి చూస్తే అల్లుడు ఎపిసోడ్లన్నీ చూసేసి ఫోన్‌లో ఉన్నాడు. లాప్‌టాప్ స్క్రీన్ మూలన, గడియారం పక్కన ఆ చిన్న గుర్తు ఇంకా ఉంది. తెరిస్తే పైకి చూపించే బాణం, దాని పక్కన మారుతూ ఉన్న అంకెలు.

“ఆపలేదారా?”

“ఎప్పుడో దిగిపోయింది గద మామా” అన్నాడు.