పార్సిల్ వచ్చిన రోజే విప్పండి, ఆ రాత్రే నడిపించి చూడండి

ఆన్‌లైన్‌లో కంప్యూటర్ పార్టు కొని మోసపోయామని ఎవరైనా రాసుకుంటే చాలు, కింద ఓ పదిమంది తయారు. "అంత చవగ్గా ఇస్తున్నాడంటే అనుమానం రావద్దా?", "ఆశకి పోతే అంతే మరి." ఈ సుద్దులు చెప్పేవాళ్లు 2025 జనవరిలో బయటపడ్డ సీగేట్ హార్డ్ డిస్కుల గొడవ ఓసారి చదవండి. డేటా సెంటర్లలో వాడే రకం ఎక్సోస్ డ్రైవులు, అప్పటికే వేల గంటలు తిరిగినవి, లోపలి లెక్క సున్నాకి చెరిపేసి కొత్తవని అంటగట్టారు. పేరున్న దుకాణాల్లో కొత్త సరుకు ధర పెట్టి కొన్నవాళ్లకీ అవే వచ్చాయి. ఇందులో ఆశ ఎవరిది?

ధర చూసి జాగ్రత్తపడాలి, కాదనను. కానీ ధర ఒక్కటే చూసుకుని ధీమాగా ఉండేవాళ్లు అసలు ఆట ఎక్కడ నడుస్తోందో గమనించట్లేదు. నడిచేదంతా గడువు మీదే. ఈబేలో వస్తువు చేరిన రోజు నుంచి 30 రోజుల్లోపు ఫిర్యాదు చెయ్యాలి. పేపాల్‌లో డబ్బు కట్టిన రోజు నుంచి 180 రోజులు. మిగతా చోట్ల వారం, పది రోజులే ఉండొచ్చు. అమ్మినవాడికి కావాల్సిందల్లా ఆ రోజులు గడిచిపోవడం. మనం సొంతంగా కంప్యూటర్ కట్టుకునే పద్ధతి వాడికి అచ్చంగా కలిసొస్తుంది. ఆఫర్ కనబడిందని ఈ నెల ప్రాసెసర్, వచ్చే నెల మదర్‌బోర్డు, ఆ పై నెల గ్రాఫిక్స్ కార్డు. అన్నీ సమకూరేదాకా పెట్టెలు సీలు తియ్యకుండా అలమరాలో భద్రం. చివరికి స్విచ్ వేసిన రోజుకి మొదటి పార్టు గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

"సీలు తీస్తే వాపసు తీసుకోడేమో" అని భయపడేవాళ్లు ఎక్కువ. కానీ సీలు ఉన్నంత మాత్రాన లోపలిది అసలుదని కాదు, ఆ ప్లాస్టిక్ పొర చుట్టే మిషన్ ఎవరైనా కొనుక్కోవచ్చు. పైగా ఒకడు కొత్తది కొని, దాని స్థానంలో పాతది పెట్టి, మళ్లీ పొర చుట్టి వాపసు పంపితే, గోదాములో ఎవరూ విప్పి చూడకుండానే అదే పెట్టె ఇంకొకరికి వెళ్తుంది. ఏఎండీ వాళ్ల ఖరీదైన రైజెన్ 7 9800ఎక్స్‌3డీ పెట్టెలో కాలం చెల్లిన ఎఫ్ఎక్స్ ప్రాసెసర్, పైన కొత్త పేరున్న స్టిక్కర్ వచ్చిన సంగతులు ఇలాంటివే. దాన్ని పట్టుకోవడానికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. 9800ఎక్స్‌3డీ ఏఎం5 సాకెట్‌ది (సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు), అడుగున పిన్నులు ఉండవు, చదునుగా బంగారు రంగు చుక్కలే ఉంటాయి. ఎఫ్ఎక్స్ కింద బ్రష్షులా పిన్నులుంటాయి. తిప్పి చూస్తే రెండు సెకన్ల పని. సీలు తీయనివాడికి మాత్రం ఆ రెండు సెకన్లూ రావు.

కాబట్టి కొనే వరుస మార్చుకోండి. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, ఎస్ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే పెట్టె) నాలుగూ ఒకే వారంలో చేరేలా తెప్పించుకోండి. ఈ నాలుగూ, ప్రాసెసర్ మీద కూలరూ ఉంటే క్యాబినెట్ లేకపోయినా, బోర్డు వచ్చిన అట్టపెట్టె మీదే పెట్టి బయోస్ (విండోస్ కంటే ముందొచ్చే సెట్టింగుల తెర) దాకా వెళ్లొచ్చు. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్‌కి సొంత డిస్‌ప్లే ఉండదని మరిచిపోయి అమ్మినవాణ్ణి తిట్టకండి, దానికి గ్రాఫిక్స్ కార్డు కావాల్సిందే. కార్డు చివర్న కొనండి, అది వచ్చేసరికి మిగతాదంతా నడుస్తూ ఉండాలి. ఎస్ఎస్‌డీ, హార్డ్ డిస్క్ ఎప్పుడు కొన్నా పర్లేదు, ఒక యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ (డ్రైవు పెట్టి యూఎస్‌బీతో తగిలించే డబ్బా) ఉంటే ఏ ల్యాప్‌టాప్‌కైనా తగిలించి పరీక్షించుకోవచ్చు.

ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డు. నకిలీల్లో ఇదే అన్నిటికంటే పాత విద్య, ఇప్పటికీ జనం పడుతూనే ఉన్నారు. 2010, 2011 నాటి జీటీఎస్ 450, జీటీఎక్స్ 550 టీఐ కార్డులు తెచ్చి, కార్డులోని బయోస్ ప్రోగ్రామ్ మార్చేసి, జీటీఎక్స్ 1050 టీఐ అని అమ్ముతారు. కంప్యూటర్‌కి పెడితే విండోస్ కూడా 1050 టీఐ అనే చూపిస్తుంది, ఎందుకంటే అది కార్డు చెప్పుకున్న పేరునే చదువుతుంది. నేతిబీరకాయలో నెయ్యెంతో ఆ పేరులో నిజమంతే. అసలు 1050 టీఐలో షేడర్లు (బొమ్మలు లెక్కగట్టే చిన్న యూనిట్లు) 768, జీటీఎస్ 450లో 192, అంటే నాలుగో వంతు. 4 జీబీ అని చెప్పుకునే మెమరీ నిజానికి 1 జీబీయే ఉంటుంది చాలావాటిలో. డెస్క్‌టాప్ బాగానే వస్తుంది, వీడియోలూ ఆడతాయి, గేమ్ 1 జీబీ దాటి మెమరీ అడగ్గానే స్క్రీన్ నల్లబడుతుంది. కొన్నవాడు డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తప్పనుకుని విండోస్ మూడుసార్లు వేస్తాడు. రోజులు గడుస్తాయి. అమ్మినవాడికి కావాల్సిందీ అదే.

దీన్ని పట్టే పద్ధతి ఇదీ. ముందు కార్డు వెనక పోర్టులు చూడండి. 1050 టీఐది పాస్కల్ తరం, ఆ తరం నుంచి ఎన్విడియా అనలాగ్ సిగ్నల్ తీసేసింది, కాబట్టి 1050 టీఐ అని చెప్పుకునే కార్డుకి నీలం రంగు వీజీఏ పోర్టు కనబడితే అక్కడికక్కడే ఆగిపోవచ్చు. తర్వాత కార్డు వివరాలు చూపించే జీపీయూ-జడ్ అనే ప్రోగ్రామ్ నడపండి. 2018లో వచ్చిన వెర్షన్ నుంచి అది ఇలాంటి కార్డుల పేరు ముందు నకిలీ అని రాసి, హెచ్చరిక గుర్తు కూడా పెడుతుంది. అది పెట్టకపోయినా చిప్ పేరు చూడండి, 1050 టీఐ అయితే జీపీ107 ఉండాలి, జీఎఫ్‌తో మొదలైతే అది ఫెర్మీ అనే పాత తరంది. ఫెర్మీ కార్డులు గేములు వాడే వల్కన్ అనే గ్రాఫిక్స్ పద్ధతిని నడపలేవు, ఆ గడిలో టిక్కు లేకపోవడం కూడా సాక్ష్యమే. ఇక కార్డుతోపాటు సీడీ ఇచ్చి "ఇందులో డ్రైవరే వెయ్యండి, సైట్‌లోది వెయ్యకండి" అన్నాడంటే ఇంకేం చూడక్కర్లేదు.

ఇదే ధోరణిలో కాస్త మర్యాదస్తుల మోసాలూ ఉన్నాయి. ఆర్‌ఎక్స్ 580 పేరుతో అమ్మేవాటిలో 2048ఎస్‌పీ అనే రకం ఒకటి, మామూలు 580కి షేడర్లు 2304, దీనికి 2048, అంటే లోపల ఉన్నది 570. జీటీ 1030 కూడా తయారీదారులే చేసిన నిర్వాకం. జీడీడీఆర్5 రకం మెమరీ వేగం సెకనుకి 48 జీబీ, డీడీఆర్4 రకానిది 16.8. పేరు మాత్రం ఒకటే. దొంగలనేం అంటాం, కంపెనీలే దారి చూపిస్తుంటే!

ఖరీదైన కార్డుల్లో పద్ధతి వేరు. ఆర్‌టీఎక్స్ 4090లో విలువంతా ఏడీ102 చిప్పులోనూ దాని చుట్టూ ఉండే 12 మెమరీ చిప్పుల్లోనూ ఉంటుంది. ఆ పదమూడూ పీకేసి వేరే బోర్డులకి అతికించుకుని, మిగిలిన ఖాళీ బోర్డుకి వేడి లాగే హీట్‌సింక్ బిగించి "డిస్‌ప్లే రావట్లేదు, చిన్న రిపేరు" అని పెడతారు. బయటి నుంచి చూస్తే నదురుగా, బరువుగా, మచ్చలేని కార్డు. "రిపేరుకి" అన్న మాటతో వాపసు బాధ్యత కూడా తప్పించుకుంటారు. ఇలాంటిది కొనాలనుంటే హీట్‌సింక్ తీసిన బోర్డు ఫొటో, పక్కన ఆ రోజు తేదీ రాసిన కాగితం పెట్టి అడగండి. "వారంటీ సీలు పోతుంది" అన్నాడంటే ఆ మాటకి అర్థం మీకు తెలిసినట్టే.

నిజమైన కార్డే వచ్చిందనుకున్నాక కూడా సెకండ్ హ్యాండ్‌దైతే ఒక అరగంట కష్టపెట్టండి. వేడి లెక్కలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి పెట్టుకుని, కార్డుని పూర్తిగా పని చేయించే ఫర్‌మార్క్ 20 నిమిషాలు నడపండి. జీపీయూ సగటు ఉష్ణోగ్రతకీ హాట్‌స్పాట్‌కీ (చిప్పులో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) తేడా 15 డిగ్రీల దగ్గర ఉంటే మంచిదే, 30 దాటితే చిప్పు మీది పేస్ట్ ఎండిపోయిందో హీట్‌సింక్ సరిగ్గా కూర్చోలేదో. జీడీడీఆర్6ఎక్స్ మెమరీ ఉన్న కార్డుల్లో మెమరీ వేడి కూడా చూడండి, 110 డిగ్రీల దగ్గర అది తన వేగం తనే తగ్గించుకుంటుంది. ఆ తర్వాత ఓసీసీటీ అనే ప్రోగ్రామ్‌లో వీడియో మెమరీ పరీక్ష, ఒక్క తప్పు వచ్చినా తిప్పి పంపెయ్యండి. క్రిప్టో మైనింగ్‌లో వాడిందా లేదా అన్న చర్చ కంటే ఈ అరగంట విలువైనది.

స్టోరేజ్ దగ్గర మోసం ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది. 16 టీబీ పోర్టబుల్ ఎస్ఎస్‌డీ అని అరచేతిలో పట్టేది అమ్ముతారు. విప్పితే ఓ చిన్న బోర్డు మీద మైక్రోఎస్‌డీ కార్డు, బరువు కోసం అతికించిన ఇనుప ముక్క. డ్రైవులోపలి ప్రోగ్రామ్ (ఫర్మ్‌వేర్) అబద్ధం చెబుతుంది, కంప్యూటర్ 16 టీబీ అనే నమ్ముతుంది. అసలు చోటు 64 జీబీ నిండాక రాసేదంతా పాతదాని మీదే పడుతుంది, లేదా గాల్లో కలుస్తుంది. ఫైళ్ల పేర్ల పట్టిక మొదట్లోనే ఉంటుంది కాబట్టి పేర్లన్నీ చక్కగా కనిపిస్తాయి, తెరిస్తే ఏమీ ఉండదు. జనం ఇది ఎప్పుడు తెలుసుకుంటారంటే, ఫొటోలన్నీ అందులోకి మార్చి, ఫోన్‌లోవి చెరిపేశాక.

హెచ్2టెస్ట్‌డబ్ల్యూ కానీ ఎఫ్3 కానీ అనే ప్రోగ్రామ్ నడపండి, రెండూ డ్రైవు నిండా రాసి, తిరిగి చదివి సరిపోల్చుతాయి. సెకనుకి 30 ఎంబీ రాసే 2 టీబీ డ్రైవు నిండడానికే పద్దెనిమిది గంటలు పైన పడుతుంది, తర్వాత చదవడం వేరు. ఓపిక లేకపోతే వాలిడ్రైవ్ ఉంది, డ్రైవు మొత్తంలో 576 చోట్ల తట్టి చూసి కొద్ది నిమిషాల్లో తేలుస్తుంది. ఎస్ఎస్‌డీ, హార్డ్ డిస్కులకి డ్రైవు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో చాలామంది చూస్తారు, మంచిదే, కానీ అది చూపించే గంటల లెక్కనే కదా సీగేట్ వ్యవహారంలో చెరిపేసింది. ఆ డ్రైవుల్ని పట్టించింది డ్రైవు తన లోపలే రాసుకునే ఫార్మ్ అనే ఇంకో లాగ్. స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ప్రోగ్రామ్ 7.4 వెర్షన్ నుంచి దాన్ని చదవొచ్చు. మామూలు లెక్క సున్నా దగ్గర, ఫార్మ్ లెక్క 20 వేల గంటల దగ్గర ఉంటే వాదన అక్కడితో అయిపోయింది, ఆ రెండూ ఒకే స్క్రీన్‌షాట్‌లో పట్టండి. సీరియల్ నంబర్ కంపెనీ వారంటీ పేజీలో కొట్టి చూడటం కూడా అదే రోజు అయిపోవాలి.

మిగతావి గబగబా చెప్తాను. పాత కంప్యూటర్ "ఐ7, 16 జీబీ" అని పెట్టి తరం చెప్పలేదంటే అది 2011 నాటి ఐ7-2600 అయినా ఆశ్చర్యం లేదు. విండోస్ చూపించే ప్రాసెసర్ పేరుని రిజిస్ట్రీలో మార్చొచ్చు, రీస్టార్ట్ చేస్తే పోతుంది, కాబట్టి ఎదురుగా కొంటుంటే రీస్టార్ట్ చేయించి బయోస్‌లో పేరు చూడండి. బ్రాండెడ్ సర్వర్లలోంచి తీసిన ఏఎండీ ఎపిక్ ప్రాసెసర్లు కొన్ని ఆ కంపెనీ బోర్డుకే శాశ్వతంగా లాక్ అయి ఉంటాయి, చిప్ మంచిదే, వేరే బోర్డులో మాత్రం బూట్ అవ్వదు. కొన్ని రైజెన్ ప్రో ప్రాసెసర్లదీ అదే కథ. బోర్డు కొంటుంటే సాకెట్ దగ్గరి ఫొటో లేకుండా కొనొద్దు, ఇంటెల్ ఎల్‌జీఏ1700 రకం సాకెట్‌లో 1700 పిన్నులున్నాయి, ఒక్కటి వంగినా ర్యామ్ ఛానెల్ ఒకటి పోవచ్చు. ర్యామ్‌లో డీడీఆర్4, డీడీఆర్5 రెండిటికీ 288 పిన్నులే, కింద గాటు ఉండే చోటు మాత్రం వేరు, కనుక డీడీఆర్5 పెట్టెలో డీడీఆర్4 వస్తే స్లాట్‌లో దిగదు, బలవంతం చెయ్యకండి. ఎస్ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాలు వదిలేసి 12 వోల్టుల గడిలో ఆంపియర్లు చూసి 12తో గుణించండి. 750 వాట్లంటే అక్కడ 62 దాకా ఉండాలి, 30 ఉంటే అది 360 వాట్ల సరుకు. సెకండ్ హ్యాండ్ మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీసే రకం) ఎస్ఎంపీఎస్ అయితే దాని సొంత కేబుళ్లే రావాలి, కనెక్టర్ పట్టింది కదా అని వేరే మోడల్‌వి పెడితే వోల్టేజీ తారుమారై డ్రైవులు కాలిపోవచ్చు.

ఇక అసలు యుద్ధం ఫిర్యాదు దగ్గర. మీరు మెసేజ్ పెట్టగానే అమ్మినవాడు మహా మర్యాదగా మాట్లాడతాడు. "డ్రైవర్ మార్చి చూడండి", రెండు రోజులాగి "బయోస్ అప్‌డేట్ చెయ్యండి", ఇంకో మూడు రోజులకి "మా టెక్నీషియన్ సెలవులో ఉన్నారు". తర్వాత పదో వంతు తిరిగిస్తాం ఉంచుకోండి అంటాడు, ఒప్పుకోకపోతే పావు వంతు, ఆపైన సగం. చివరి అస్త్రం "ముందు ఫిర్యాదు క్లోజ్ చెయ్యండి, అది ఉండగా మా సిస్టమ్ డబ్బు పంపనివ్వదు". చెయ్యకండి. పేపాల్‌లో ఒకసారి మూసిన ఫిర్యాదు మళ్లీ తెరవడం కుదరదు. మాట్లాడేదంతా మార్కెట్‌ప్లేస్ చాట్‌లోనే జరగాలి, వాట్సాప్‌లో ఇచ్చిన హామీలు అక్కడ చెల్లవు. కారణం దగ్గర "పని చెయ్యట్లేదు", "నచ్చలేదు" నొక్కకండి, "వర్ణించిన వస్తువు కాదు" అన్నదే నొక్కండి, తిరుగు రవాణా ఖర్చు ఎవరిదన్నది చాలాచోట్ల ఆ ఒక్క నొక్కుడులో తేలిపోతుంది.

ఇంకో మాయ ఉంది, పార్సిలే రాదు కానీ ట్రాకింగ్‌లో చేరినట్టు చూపిస్తుంది. అదే పిన్‌కోడ్‌లో ఇంకెవరికో ఓ ఖాళీ కవరు పంపి ఆ నంబరు మీకిస్తారు. వెంటనే కొరియర్‌ని అడిగి ఏ చిరునామాలో ఇచ్చారో, బరువెంతో రాతపూర్వకంగా తీసుకోండి. 50 గ్రాముల కవర్లో రెండు కిలోల గ్రాఫిక్స్ కార్డు పట్టదు, ఆ కాగితం ముందు వాడి ట్రాకింగ్ నిలబడదు.

వాపసు పంపేటప్పుడు కూడా "మేం పంపింది ఇది కాదు, మీరే మార్చారు" అనే అవకాశం వాడికుంది. అందుకే పార్సిల్ విప్పేటప్పుడే కట్ లేని వీడియో తియ్యండి. ఆరు వైపులా పెట్టె, లేబుల్, తూకం, సీలు కోస్తున్న చెయ్యి, పార్టు మీది సీరియల్ నంబర్, అన్నీ ఒకే షాట్‌లో. తిప్పి పంపేటప్పుడు అదే సీరియల్ నంబర్ మళ్లీ చూపిస్తూ, అదే తూకం మీద పెట్టి, టేపు అతికించి కొరియర్ రసీదు చేతికొచ్చేదాకా ఇంకో వీడియో. డబ్బు ఖాతాలో పడేదాకా రెండూ ఫోన్‌లోంచి చెరపకండి.